‘నిండుకున్నాయి’ అన్నారు, ఇంకా ఉన్నాయనుకున్నాను

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులోని సంగతులు క్లుప్తంగా ఇవీ.

ఆమె పుట్టి పెరిగింది సోలాపూర్‌లో. తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వలస వెళ్లిన కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడేవారు గానీ బడి, వీధి, స్నేహితులు అంతా మరాఠీ. తెలుగు చదవడం, రాయడం పెళ్లి కుదిరాక నేర్చుకున్నారు. పెళ్లయి రెండేళ్లు కావస్తోంది. భర్త ఉద్యోగం విశాఖపట్నంలో, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారకుండా వెళ్లిపోతారు. మిగతా రోజులు ఇంట్లో ఉండేది ఈమె, 68 ఏళ్ల అత్తగారు. మామగారు పోయి కొన్నేళ్లయింది. ఆయన తాలూకు ఫ్యామిలీ పెన్షన్ అత్తగారికి వస్తుంది. ఈమె ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఈమె “నూనె ఒడిసింది అత్తయ్యా” అంటే అత్తగారు, ఆడపడుచు పడీపడీ నవ్వారట. ‘ఏం ఒడిసిపట్టావే?’ అని ఆటపట్టించారట. తర్వాత ఒక రోజు అత్తగారు స్కూలుకు ఫోన్ చేసి “బియ్యం నిండుకున్నాయమ్మాయ్, వచ్చేటప్పుడు చూసుకో” అన్నారు. డబ్బా నిండుగా ఉంది కాబోలు, ఇప్పుడు కొనక్కర్లేదని చెబుతున్నారనుకుని ఈమె ఒట్టి చేతులతో ఇంటికొచ్చారు. ఆ రాత్రి ఉప్మాతో సరిపెట్టుకున్నారు. అది అందరూ నవ్వుకునే కథగా మిగిలింది. కానీ శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చిన ముత్తయిదువుల ముందు “పసుపూ కుంకుమా రెండూ అయిపోయాయి అత్తయ్యా” అని వంటింట్లోంచి కేక వేసినప్పుడు ఎవరూ నవ్వలేదు. అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఒక పొద్దున ఈమె స్కూలు బస్సుకు పరుగెడుతుంటే అత్తగారు “మందులు నిండుకున్నాయి” అన్నారు. ఈమెకు అప్పటికి ఆ మాటకు అర్థం తెలుసు. పైగా ఆ ఇంట్లో ఏది నిండుకుందన్నా డబ్బా అడుగున రెండు మూడు రోజులకు సరిపడా మిగిలే ఉంటుందని కూడా గమనించారు. ఆదివారం ఆయన ఉన్నప్పుడు తెద్దాంలే అనుకున్నారు. కానీ బీపీ మాత్రల ఆఖరి పట్టీ అప్పటికే ఖాళీ. నాలుగో రోజు అత్తగారు బాత్రూంలో కళ్లు తిరిగి పడ్డారు. మణికట్టు ఎముక విరిగింది, కట్టు వేశారు. “నోరు తెరిచి చెప్పినా తేలేదు” అని ఆడపడుచు బంధువులందరికీ చెబుతోంది. భర్త “ముందు నువ్వు సరిగ్గా తెలుగు నేర్చుకో” అన్నారు. ఆ మాటే ఎక్కువ బాధించిందని రాశారు.

చివర్లో మూడు ప్రశ్నలు అడిగారు: “నాకు నమ్మకం లేని మాటను నేనెందుకు అనాలి? ఆమె పడటం నా తప్పేనా? ‘లేదు’ అనకూడని ఇంట్లో ఏది ఉందో, ఏది లేదో ఎలా తెలుసుకోవాలి?” దీంతోపాటు, మందుల షాపు వీధి చివరే ఉన్నా అత్తగారు తానే వెళ్లి ఎందుకు కొనుక్కోలేదో ఇప్పటికీ అర్థం కావడం లేదని ఒక వాక్యం రాశారు.

*

అమ్మా,

మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలకుండా మిగతావి మీ చెవికెక్కవు.

మీ అత్తగారు మాత్రలు మానడం వల్లే పడ్డారని ఎవరన్నారు? మీ ఉత్తరంలో డాక్టరు మాట ఎక్కడా లేదు. ఆడపడుచు అన్నారు, మీరు నమ్మారు. బీపీ మందులు ఉన్నట్టుండి ఆపకూడదన్నది నిజం, ఆపితే బీపీ ఎగబాకవచ్చు. అయితే ఆ వయసులో కళ్లు తిరగడానికి ఇంకా చాలా కారణాలుంటాయి. కూర్చున్న చోటి నుంచి గబుక్కున లేస్తే బీపీ పడిపోవచ్చు. షుగరు తగ్గవచ్చు. రక్తం తక్కువ కావచ్చు. ఏమీ లేకుండా తడి గచ్చు మీద కాలు జారవచ్చు. పడితే మణికట్టు విరగడమంటే ఎముకలు పెళుసుబారాయేమో కూడా చూపించాలి. కట్టు విప్పడానికి వెళ్లినప్పుడు డాక్టరును ఈ రెండూ అడగండి: ఎందుకు పడ్డారు, ఎముకల సంగతి ఏమిటి. అడిగేటప్పుడు మీ ఆయన పక్కన ఉండాలి. ఆ జవాబు మీరు మోసుకొచ్చి చెబితే సాకు చెబుతున్నట్టు ఉంటుంది, ఆయన స్వయంగా వింటే సమాచారం అవుతుంది. ఈలోగా బాత్రూంలో గోడకు పట్టుకునే కడ్డీ ఒకటి, కాలు జారని చాప ఒకటి వేయించండి. అది ఎవరి తప్పో తేలేదాకా ఆగాల్సిన పని కాదు.

డాక్టరు ‘మందులు ఆపడం వల్లే’ అన్నా, మీ వాటా ఎంత? మందులు నిండుకున్నాయన్న మాట విని “ఎప్పటికి కావాలి అత్తయ్యా?” అని అడగకపోవడం మీ పొరపాటు. అంతే. మందుల విషయంలో ఒక్కసారి అని ఊరుకోవడం ఆవిడ పొరపాటు. వారానికి రెండు రాత్రులే ఇంట్లో ఉండే కొడుకు తల్లి మాత్రలు ఎవరు చూడాలో ఏర్పాటు చేయకపోవడం ఆయన పొరపాటు. ఆడపడుచు సంగతి చివర్లో చెబుతాను.

ఇక ఆ మాట. దాన్ని తెలుగు రాకపోవడం కింద కట్టేశారు మీ ఆయన. నాకలా అనిపించలేదు. మీరు ‘ఒడిసింది’ అన్నది చక్కని తెలుగు. తెలంగాణలో అయిపోవడాన్ని ఒడవడం అంటారు, ఎంతకీ తెగని కబుర్లను ‘ఒడవని ముచ్చట’ అంటారు. గోదావరి జిల్లాల్లో ‘ఒడిసిపట్టడం’ ఒక్కటే మిగిలింది కాబట్టి మీవాళ్లకు నవ్వొచ్చింది. మీ తాతగారు సోలాపూర్‌కు మగ్గంతో పాటు మోసుకెళ్లిన మాట అది. దాన్ని వదిలేయకండి.

‘నిండుకుంది’ దగ్గర తికమక పడేది కూడా మీరొక్కరే కాదు, ఈ నేల మీద పుట్టినవాళ్లూ తడబడతారు. డబ్బా ‘నిండింది’ అంటే నిండుగా ఉంది. డబ్బాలో బియ్యం ‘నిండుకున్నాయి’ అంటే ఖాళీ. చివర ఒక్క ‘కొను’ చేరేసరికి అర్థం తిరగబడింది. అదీ ఎల్లప్పుడూ కాదు. ‘ఆకాశంలో మబ్బులు నిండుకున్నాయి’ అని ఎవరైనా రాస్తే మబ్బులు కమ్ముకున్నాయనే. వర్షాకాలంలో పేపరు తెరిస్తే ‘నిండుకుండలా శ్రీశైలం’ అని ఉంటుంది, అంటే జలాశయం నిండింది. 2021 వేసవిలో కోవిడ్ టీకాల గురించి ‘నిల్వలు నిండుకున్నాయి’ అని రాశారు, అంటే టీకాలు లేవు. కుండకూ కుందికీ మధ్య తేడా ఒక్క అక్షరం. అందుకేనేమో నీళ్ల విషయంలో జనం ఈ మాట జోలికి అంతగా పోరు, బావి ‘అడుగంటింది’ అంటారు, ‘ఎండింది’ అంటారు.

వాడుకలో దీనికో హద్దుంది. ఇంట్లో నిల్వ ఉంచుకుని, రోజూ కొంచెం కొంచెం తీసి వాడుకునేవే నిండుకుంటాయి: బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, పసుపు, కుంకుమ. చేతిలో డబ్బు కూడా నిండుకుంటుంది, ప్రభుత్వాల ఖజానా మరీ తరచుగా నిండుకుంటుంది. పాలు మాత్రం అయిపోతాయి, పెట్రోలు అయిపోతుంది, టైము అయిపోతుంది. స్కూటరు ఆగిపోతే ‘పెట్రోలు నిండుకుంది’ అనేవాడు హాస్యానికే అంటాడు. మాత్రలు ఏ లెక్కలోకి వస్తాయి? మీ అత్తగారి దృష్టిలో అవి అలమారులో ఉండే సరుకు, వంటింటి మాటే దానికీ వాడారు.

మరి ఖాళీ అయినదాన్ని నిండిందనడమేమిటి? పెద్దవాళ్లు చెప్పే కారణం: ధాన్యం లక్ష్మి, లక్ష్మిని ‘లేదు’ అనకూడదు. ఇలాంటివి మనకు కొల్లలు. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. మంగళసూత్రం తాడు తెగదు, పెరుగుతుంది. గుమ్మం దాటేవాళ్లు ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్లొస్తాను’ అంటారు. ధాన్యం కొలిచేవాళ్లు ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి ‘రెండు, మూడు’ అని సాగి, ఏడు దగ్గరికి వచ్చేసరికి ఏడుపు గుర్తొస్తుందని ‘ఆరున్నొకటి’ అనేవారు. లెక్కల టీచరుగా మీకు ఒళ్లు మండవచ్చు. కానీ వాళ్ల లెక్క ఎక్కడా తప్పలేదు చూడండి, పేరే మారింది.

ఇది మీకు కొత్త కూడా కాదు. మరాఠీలో కొబ్బరికాయ కొట్టడాన్ని ‘నారళ్ వాఢవణే’ అనడం మీరు వినే ఉంటారు. గాజు పగిలితే ‘బాంగడీ వాఢవ్లీ’ అనే పెద్దావిడ మీ వీధిలో ఒకరైనా ఉండి ఉంటారు. పెరిగిందనే కదా దానర్థం! హిందీవాళ్లు సాయంత్రం కొట్టు కట్టేయడాన్ని ‘దుకాన్ బఢానా’ అంటారు. బెంగాలీ ఇల్లాలు బియ్యం ‘బాడంత’ అంటే, పెరుగుతున్నాయని పైకి చెబుతూ బియ్యం లేవని తెలియజేస్తోందన్నమాట. సంస్కృత ఆలంకారికులు అశ్లీలం మూడు రకాలన్నారు: సిగ్గు పుట్టించేది, రోత పుట్టించేది, అమంగళం. మొదటిదే నేటి వాడుకలో మిగిలింది. ఆ మూడోది మీ అత్తగారి వంటింట్లో ఇంకా బతికే ఉంది. మీరు ‘పసుపు అయిపోయింది’ అన్నప్పుడు ఆవిడ చెవికి అది బూతుమాట విన్నంత పని.

ఆ శుక్రవారం సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే దాన్ని మీరు అవమానంగానే చూస్తున్నారు. ‘పసుపు కుంకుమలు’ అన్న జంట మాటకు తెలుగులో వంటింటి అర్థం ఒక్కటే లేదు. అది ఐదోతనానికి పేరు. ఒక స్త్రీకి పసుపు కుంకుమలు లేకుండా పోయాయంటే ఆమె భర్త పోయాడని. మీరు నలుగురు ముత్తయిదువుల మధ్య, శ్రావణ శుక్రవారం పూట, ఆ రెండూ అయిపోయాయని కేక వేశారు. ఆ ఇంట్లో మీ పసుపు కుంకుమలంటే ఎవరు? ఆవిడ కొడుకు. భర్తను పోగొట్టుకున్న మనిషి, కొడుకు ఆయుష్షు గురించి అలాంటి మాట తన ఇంట్లోనే విన్నారు. ఆ రెండు రోజుల మౌనం మీ మీద కోపమని మీరు రాశారు. నేనైతే అందులో సగానికి పైగా భయమే ఉందంటాను. మాటకు మనిషి ప్రాణం తీసే శక్తి లేదు, నేనూ నమ్మను. పసుపు కుంకుమలను భర్త ప్రాణానికి ముడిపెట్టి, అవి లేని స్త్రీని పేరంటంలో పక్కకు కూర్చోబెట్టే ఆచారం మీద నాకు గౌరవమూ లేదు. అయినా ఆవిడ భయం మాత్రం నిజమైనదే.

‘నాకు నమ్మకం లేని మాటను ఎందుకనాలి’ అన్న మీ ప్రశ్నకు ఇక వద్దాం. మీ ముందు దారులు కొన్ని ఉన్నాయి, ఏదీ పూర్తిగా ఉచితం కాదు.

మీరు కూడా ‘నిండుకుంది’ అనడం మొదలుపెట్టవచ్చు. అనడమంటే నమ్మడం కానక్కర్లేదు. ‘వెళ్లొస్తాను’ అన్న ప్రతివాళ్లూ తిరిగి రావాలనే అంటున్నారా? మీకు మాట విరుపు లేకుండా వస్తే, ఇంట్లో సగం చిరాకు ఈ వారమే తగ్గుతుంది. ‘అమ్మాయి మన మాట పట్టుకుంది’ అని ఆవిడ పదిమందికి చెప్పుకుంటారు కూడా. నష్టం ఏమిటంటే, ఆ మాటలో ఎంత మిగిలిందో ఉండదు. మీరు గమనించిన విషయం చాలా పదునైనది: ఆ తరం ఆడవాళ్లు బియ్యం డబ్బాను అడుగంటా ఊడ్చరు, గుప్పెడైనా వదిలేస్తారు. కాబట్టి వంటింట్లో ఆ మాట ఒక ముందస్తు హెచ్చరిక. మాత్రల పట్టీలో గుప్పెడు వదలడం కుదరదు, అక్కడ అదే మాట వినపడేసరికి ఆలస్యమైపోయింది. మీరిద్దరూ ఒకే మాటకు ఒకే అర్థం చెప్పుకుంటూనే దెబ్బతిన్నారు. మీరు ఆ మాటను ఎంత బాగా నేర్చుకున్నా ఈ చిక్కు తీరదు. అందుకే ‘తెలుగు నేర్చుకో’ అన్న సలహా ఇక్కడ పనికిరాదని మీ ఆయనకు చెప్పండి. మీకు తెలుగు తెలిసింది కాబట్టే పొరబడ్డారు, తెలియకపోతే ‘అంటే ఏమిటి అత్తయ్యా’ అని అడిగేవారు.

రెండోది: ‘ఇది మూఢనమ్మకం, ఉన్నది ఉన్నట్టు చెబుతాను’ అని మీరు ఖరాఖండిగా ఉండవచ్చు. వాదనలో మీరే గెలుస్తారు. కానీ ఆవిడకు 68 ఏళ్లు, చేతికి కట్టు, జుట్టు ముడి వేసుకోవడానికి కూడా మీ సాయం కావాలి. ఈ సమయంలో మాట మీద పట్టుపడితే అది మాట మీదే ఆగదు. ఆవిడ మీతో చెప్పడం మానేసి కూతురికి ఫోన్‌లో చెప్పడం మొదలుపెడతారు. అప్పుడు మందుల సంగతి మీకు ఇంకా ఆలస్యంగా, ఇంకొకరి నోటి నుంచి, నిష్ఠూరంతో కలిపి చేరుతుంది.

మూడోది మధ్యేమార్గం, చాలా ఇళ్లలో కోడళ్లు ఎవరూ నేర్పకుండానే పట్టేసింది. ‘అయిపోయింది’ అనరు, ‘నిండుకుంది’ అనీ అనరు. ‘పసుపు తేవాలి అత్తయ్యా’ అంటారు. అందులో అమంగళం లేదు, మీకు నచ్చని తిరకాసూ లేదు. దీనికి ఖర్చు దాదాపు ఏమీ లేదు గానీ ఒక లోటుంది. ఇది మీరు ఆవిడకు చెప్పే పద్ధతి. ఆవిడ మీకు చెప్పే పద్ధతిని ఇది మార్చదు.

దానికి నాకు తోచినది ఇది. ఆవిడ నోట ‘లేదు’ అనిపించే ప్రయత్నం మానండి. ‘ఉంది’ అనిపించండి, అంకెతో. “మాత్రలు ఇంకా ఎన్ని ఉన్నాయి అత్తయ్యా?” అని అడగండి. “నాలుగు ఉన్నాయి” అనడానికి ఆవిడకు ఏ శాస్త్రమూ అడ్డు రాదు. ఉన్నాయనే కదా అంటున్నారు! పూజగదిలో, వంటింట్లో ఆవిడ మాట ఆవిడదే. మందుల అలమారు, గ్యాసు, కరెంటు బిల్లు దగ్గర మాత్రం అంకె. ఇది మీ సబ్జెక్టు కూడా, మీకు హాయిగా ఉంటుంది. ఆవిడ మొదట్లో ‘ఈవిడ నన్ను లెక్కలడుగుతోంది’ అని ముఖం ముడుచుకునే ప్రమాదం ఉంది. అత్తాకోడళ్ల మధ్య ‘లెక్క అడగడం’ అన్న మాటకు వేరే వాసన ఉంటుంది మరి. అందుకని మొదలుపెట్టే పని మీది కాకుండా మీ ఆయనది కావాలి. ఒక ఆదివారం ఆయనే తల్లి పక్కన కూర్చుని వారానికి ఏడు గదులుండే మాత్రల డబ్బాలో మందులు సర్దాలి. ఆఖరి పట్టీ చింపిన రోజే కొత్తవి తెప్పించాలని ముగ్గురూ అనుకోవాలి. పట్టీ ఫొటో తీసి పంపితే మందులు ఇంటికే పంపే షాపులు మీ ఊళ్లో ఉంటాయి, ఆ పని ఆయన విశాఖ నుంచి కూడా చేయగలరు. ఎప్పుడైనా ఒక పూట మాత్ర మరిచిపోతే, తర్వాత రెండు కలిపి వేసుకోకూడదని కూడా ఆవిడకు చెప్పండి. అలాంటప్పుడు ఏం చేయాలో డాక్టరును అడిగి రాసి పెట్టుకోండి.

గ్యాసుకు కూడా ఇదే పద్ధతి. ఇంట్లో 14.2 కిలోల సిలిండర్లు రెండుంటే, ఒకటి ఖాళీ అయి రెండోది పెట్టిన రోజే కొత్తది బుక్ చేయాలి. ‘నిండుకుంది’ అనే అవసరమే రాదు.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయం. వీధి చివర షాపు ఉండగా ఆవిడ ఎందుకు వెళ్లలేదు? మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే.

‘నిండుకుంది’ అన్న మాటను లక్ష్మికి, శకునానికి ముడిపెట్టి వదిలేస్తే సగమే చెప్పినట్టు. ఆ మాటతో ఆడవాళ్లు ఇంకో పని కూడా చేసుకునేవారు. చేతిలో పైసా ఉండని కాలంలో, ఇంట్లో గింజలు లేవని మగవాడికి చెప్పాలి. ‘తెమ్మని’ అంటే ఆజ్ఞాపించినట్టు ఉంటుంది, ‘లేవు’ అంటే ఎత్తిపొడిచినట్టు ఉంటుంది. ‘బియ్యం నిండుకున్నాయి’ అని గోడకు చెప్పినట్టు చెప్పి లోపలికి వెళ్లిపోతే, వినాల్సినవాడు వింటాడు. పక్కింటి పెరటి గుమ్మం దగ్గర కొంగు చాటున గిన్నె పట్టుకుని నిలబడిన ఇల్లాలు కూడా ‘నిండుకున్నాయి వదినా, సోలెడు బియ్యం చేబదులివ్వు’ అనేది. అడుక్కున్నట్టు కాకుండా అడగడానికి వీలిచ్చిన మాట అది. అందుకే ఎవరైనా నిండుకుందంటే దాన్ని వార్తలా వినకూడదు, అడిగినట్టు వినాలి.

మీ అత్తగారు ఆ పొద్దున మీకు మందుల నిల్వ గురించి వార్త చెప్పలేదని నా అనుమానం. తెచ్చిపెట్టమని అడిగారు. ఒక్కసారి అడిగి, మీరు తేకపోయేసరికి, రెండోసారి అడగడానికి మనసొప్పక ఊరుకున్నారు. ఇది అభిమానం కావచ్చు. ‘కోడలు ఉండగా నేను షాపుకెళ్తే వీధిలో ఏమనుకుంటారు’ అన్న ఆలోచన కావచ్చు. అప్పటికే ఒంట్లో బాగాలేక మెట్లు దిగలేకపోయి ఉండవచ్చు. లేదా నిజంగానే చేతిలో డబ్బు లేకపోయి ఉండవచ్చు.

ఆ చివరిదాన్ని తేలిగ్గా కొట్టేయకండి. పెన్షన్ వస్తుంది కాబట్టి డబ్బుందనుకుంటాం. అది నెలనెలా ఎటు పోతోందో మీకు తెలుసా? ఏదైనా పాత అప్పు, చీటీ, ఎవరికో హామీ, ఎవరి పిల్లల ఫీజో? నేను ఎవరినీ వేలెత్తి చూపడం లేదు, కనుక్కోమంటున్నాను. అదీ మీరు కాదు, కొడుకు. మీరు అడిగితే పెన్షన్ మీద కోడలి కన్ను పడిందన్న మాట పుడుతుంది. ఆయన కూడా ‘పెన్షన్ ఏం చేస్తున్నావమ్మా’ అని అడిగితే ఆవిడ నోరు మూసుకుంటారు. ‘మందులకు ఇకనుంచి నెలకింత నేనే వేస్తానమ్మా, నీ డబ్బు నీ దగ్గరే ఉంచుకో’ అని మొదలుపెడితే, చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఆవిడే చెబుతారు. చెప్పకపోయినా మందులు ఆగవు కదా.

మీ వైపు నుంచి ఒక పని చేయవచ్చు, మనసొప్పితేనే. “ఆ రోజు మీరు మందులన్నప్పుడు ఇంకా రెండు మూడు రోజులకు ఉన్నాయనుకున్నాను అత్తయ్యా, మన బియ్యం డబ్బాలో ఉన్నట్టు” అని ఒక్కసారి ఆవిడతోనే చెప్పండి. క్షమాపణలా వద్దు, జరిగింది జరిగినట్టు. మీరు నిర్లక్ష్యం చేశారని ఆవిడ కూడా అనుకుంటున్నారో లేదో మీకు తెలియదు. మీకు అందినదంతా ఆడపడుచు నోటి మాట. ఆవిడ డబ్బా అడుగున గింజలు వదలడం మీరు గమనించారని వింటే, కోడలు తనను ఎంత శ్రద్ధగా చూస్తోందో ఆవిడకు అర్థమవుతుందని నా నమ్మకం. కాకపోతే మీరు చెప్పాల్సింది చెప్పినట్టు, అంతవరకే.

ఆడపడుచు సంగతి చివర్లో చెబుతానన్నాను. ఆవిడ తల్లితో రోజూ ఫోన్‌లో మాట్లాడతారని మీరే రాశారు. ఆ నాలుగు రోజుల్లో ‘మాత్ర వేసుకున్నావా అమ్మా’ అని ఒక్కసారి అడిగి ఉంటే తెలిసిపోయేది. దీన్ని మీరు ఎత్తకండి. నిజమే అయినా, మీ నోట వస్తే ఎదురుదాడి అవుతుంది, బంధువులకు ఇంకో కథ దొరుకుతుంది. ఆవిడకు ఫోన్ చేయాల్సింది మీ ఆయన. ‘అమ్మ మందుల బాధ్యత నాది, నేను చూసుకోలేదు, ఇకనుంచి ఇలా చూసుకుంటున్నాం, నువ్వు కూడా రోజూ ఒకసారి అడుగుతూ ఉండు’ అని. తప్పు తన మీద వేసుకుని మాట్లాడే తమ్ముడితో అక్క ఎక్కువసేపు పోట్లాడలేదు. ఆయన ఈ ఫోన్ చేయనంటే, నాకు రాసిన ఉత్తరం ఆయనకే ఇచ్చి చదవమనండి. తర్వాత ఏమన్నారో నాకు రాయండి.